ఆరకూడని దీపం

“దీపం ఆరిపోయిందండమ్మా” అని డ్రైవరు నూకరాజు వగరుస్తూ వచ్చి చెప్పేసరికి, విజిలెన్స్ అధికారి ఎస్తేరు రాణి చేతిలోని ఇడ్లీ ముక్క చట్నీలో మునిగి అక్కడే ఉండిపోయింది.

దేవుడి గదిలో దీపం కాదు. శవం తలదగ్గర పెట్టిన దీపం అంతకన్నా కాదు. జప్తు చేసిన ఎర్ర స్పోర్ట్స్ కారులో, స్టీరింగు వెనకాల, చింతగింజంత పసుపు దీపం. నెల పైచిలుకుగా రాత్రీ పగలూ వెలుగుతూ ఉన్నది. వెలుగుతూనే ఉండవలసినది.

“బ్యాటరీ అయిపోయిందేమో చూశావా?”

“చూశానండి. మీటర్ల ఎనకాల లైట్లన్నీ ఎలుగుతున్నాయండి. అదొక్కటే లేదండి. ఆయ్, నేను ముట్టుకోలేదండి. మా పెద్దమ్మాయి మీద ఒట్టండి.”

“ఇంకెవరికైనా చెప్పావా?”

“మీకేనండి మొదట. వస్తా వస్తా మెట్లకాడ ముగ్గురికి చెప్పానండి. క్యాంటీనులో ఒకళ్ళిద్దరికి.”

అంటే ఈపాటికి కాకినాడ మొత్తానికి తెలిసిపోయి ఉంటుంది. ఎస్తేరు రాణి చెయ్యి కడుక్కుని లేచింది.

ఆవిడ పోలీసు శాఖ నుంచి డిప్యుటేషన్ మీద జప్తు ఆస్తుల సంరక్షణ సంస్థకి వచ్చింది. ఎస్సైగా ఉన్నప్పుడు గొలుసు దొంగల్ని గోడలు దూకి పట్టుకుంది. ఇక్కడికి వచ్చాక పోయిన ఫ్యాను రెగ్యులేటర్లని వెతుకుతోంది. ఒక్క మంచి కేసు ఇవ్వు ప్రభువా అని ప్రతి ఆదివారం ప్రార్థన చేసేది. ప్రభువు విన్నాడు. కాకపోతే ఆయనకి హాస్యం ఎక్కువ.

దీపం ఆరడం నేరం ఎలా అయిందో చెప్పాలంటే లిఫ్టు దగ్గర మొదలుపెట్టాలి.

పోయిన వేసవిలో ఆఫీసు లిఫ్టులో ఎర్ర లైటు వెలిగింది. ఎవరూ పట్టించుకోలేదు. మేనేజింగ్ డైరెక్టర్ చెరుకుమిల్లి విశ్వపతి గారు, తనిఖీకి వచ్చిన పై అధికారితో సహా, రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయారు. వాళ్ళ భోజనం క్యారేజీ కింద చల్లారిపోయింది. తలుపు బద్దలుకొట్టి బయటికి తీసేటప్పటికి విశ్వపతి గారు వేరే మనిషి. ఆ వారంలోనే ‘హెచ్చరిక గౌరవ విధానం’ పుట్టింది. దాన్ని ఆయనే రాశారు. ప్రతి గదిలో గోడకి కట్టించారు.

“ఏ హెచ్చరికనైనను మానవమాత్రుడెవ్వడును ఆర్పరాదు. కారణము తొలగినచో హెచ్చరికయే స్వయముగా విరమించుకొనును. అంతవరకు సదరు హెచ్చరికకు లోనైన వస్తువును ఉన్నచోటి నుండి కదల్చరాదు. మినహాయింపు లేదు.”

మొదట్లో బాగానే ఉంది. తరవాత ఎవరో మెట్ల మీద నీళ్ళు ఒలకబోస్తే స్వీపరు ‘తడి నేల, జాగ్రత్త’ బోర్డు పెట్టింది. నేల ఆరింది. బోర్డు మాత్రం స్వయంగా విరమించుకోలేదు. దాన్ని కదల్చే అధికారం ఎవరికీ లేదు. రెండో అంతస్తు వాళ్ళు గోడ అవతల ఇనప నిచ్చెన ఎక్కి కిటికీలోంచి సీట్లకి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. లెక్కల విభాగంలో యూపీఎస్ కీచుమనడం మొదలుపెడితే, ఆ కీచుకి తగ్గట్టు టైపు చెయ్యడం నేర్చుకున్నారు. క్యాంటీనులో కుక్కరు కూత కూడా హెచ్చరికే కాబట్టి పప్పు ఆగిపోయింది. ఇడ్లీలు మిగిలాయి. గేటు దగ్గర అడ్డకర్ర మీద ఎర్ర బల్బు మిణుకుమంది. కర్రని ఎత్తిందెత్తినట్టు వదిలేశారు. దించకూడని గేటుకి కాపలా ఎందుకని, గేటు మనిషిని మేడ మీద తడి నేల బోర్డుకి కాపలా వేశారు.

ఇంతలో కారు వచ్చింది.

చిట్టీల కంపెనీ పెట్టి పారిపోయిన ఒక పెద్దమనిషి తాలూకు కారు అది. పాతకాలపుది. ఇద్దరే పడతారు. టాపు వెనక్కి మడిచేస్తే ఆకాశమే టాపు. పక్కన నిలబడితే మన మోకాళ్ళ ఎత్తుంటుంది. క్రేనుతో తెచ్చి, రేవు వైపు పాత బియ్యం గోదాములో ముక్కు గోడకి పెట్టి దింపారు. వేలం తేదీ కూడా ఖాయమైంది. ఆ ముందురోజు తాళం చెవి తిప్పి చూస్తే పసుపు దీపం వెలిగింది. టైర్లలో గాలి తగ్గిందని దాని అర్థం.

నూకరాజు పంపు తెచ్చి నాలుగు టైర్లకీ గాలి కొట్టాడు. దీపం ఆరలేదు.

కొత్త కార్లయితే గాలి కొట్టగానే వాటికవే తెలుసుకుంటాయి. ఇది పాతది, దీనికి చెప్పాలి. కారుతో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి ఉంది. గాలి సరిచేశాక స్టీరింగు కింద చిన్న బొత్తాం నొక్కి పట్టుకోవాలి. ఆ తరవాత కారుని కాసేపు మంచి వేగంతో రోడ్డు మీద నడపాలి. చక్రాలు తిరిగిన తీరుని బట్టి లోపలి సెన్సరు కొత్త గాలిని గుర్తుపట్టి దీపాన్ని ఆర్పుకుంటుంది.

కారు కదిలితేగాని దీపం ఆరదు. దీపం ఆరితేగాని కారు కదలకూడదు.

ఇలాంటి చోట మామూలు మనిషి తల గోక్కుంటాడు. సంస్థ సంఘం వేస్తుంది. దానికి భద్రతా సంస్కృతి సలహాదారు డాక్టర్ సోమసుందరం అధ్యక్షుడు. ఆయన మొదటి సమావేశంలోనే తేల్చేశాడు: “కారును కదల్చుట నిషిద్ధము. చక్రములను తిప్పుట గురించి విధానము మౌనముగా ఉన్నది.”

జాకీలు పెట్టి కారుని గాలిలోకి లేపి ఇంజను తిప్పారు. వెనక చక్రాలు తిరిగాయి. ముందువి తిరగలేదు. పాపం కారు, బురదలో జారిపోతున్నాననుకుని రెండో దీపం కూడా వెలిగించింది. ఇప్పుడు గౌరవించవలసిన దీపాలు రెండయ్యాయి. దించాక రెండోది మర్యాదగా తనంతట తనే ఆరిపోయింది. దాని ప్రవర్తనని ఆదర్శంగా పేర్కొంటూ సంఘం ఒక తీర్మానం చేసింది. కారు కదిలిందన్న మాట రాకుండా నాలుగు టైర్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీయించింది.

అప్పుడు మరో ప్రమాదం బయటపడింది. బ్యాటరీ అయిపోతే దీపం ఆరిపోతుంది. అది విరమణ కాదు, మరణం. కాబట్టి తాళం తిప్పే ఉంచి, బ్యాటరీకి ఛార్జరు తగిలించి, నెలాఖరున రిటైరు కాబోతున్న నూకరాజుని ‘దీప సంరక్షకుడు’గా నియమించారు. శుక్రవారం నాడు లెక్కల విభాగం ఆడవాళ్ళు బానెట్టు మీద బంతిపువ్వు పెట్టి దణ్ణం పెట్టుకుని పోయేవారు. అఖండ దీపం కదా, ఎందుకైనా మంచిదని.

ఆ దీపమే ఇప్పుడు ఆరిపోయింది.

*

“రాణి గారూ, ఇది మిక్కిలి విషాదకరమైన పరిణామము” అన్నారు విశ్వపతి గారు.

ఆయన పొట్టి మనిషి. కుర్చీలో రెండు దిండ్లు వేసుకుని కూర్చుంటారు. రాసినట్టే మాట్లాడతారు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే కూడా ‘లోటు గమనించబడినది’ అంటారని అటెండర్లు చెప్పుకుంటారు. ఆఫీసు జీపులో ఎప్పుడూ వెనక సీట్లోనే. ఆయన ముందు సీట్లో కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

“సార్, దీపం ఆరిందంటే టైర్లు బాగున్నాయని కారు ఒప్పుకున్నట్టే కదండి. మనకి కావలసింది అదే కదా. వేలం పెట్టేసుకోవచ్చు” అంది ఎస్తేరు రాణి.

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రికార్డు ప్రకారము ఆ దీపము ఇప్పటికీ వెలుగుచున్నది. ఆరినది భౌతికముగా మాత్రమే.”

“అంటేనండి?”

“అధికారము లేని వ్యక్తి ఆర్పిన దీపము ఆరినట్టు పరిగణించబడదు. ఎవరు ఆర్పిరో తేలనంతవరకు అది మన దృష్టిలో దేదీప్యమానముగా ఉన్నట్టే.”

బల్ల మీద ఒక మెమో సిద్ధంగా ఉంది. సంరక్షణలో ఉంచిన దీపాన్ని కోల్పోయినందుకు నూకరాజుని సస్పెండు చేస్తున్నట్టు. విశ్వపతి గారు దాని మీద సంతకం పెట్టి ఆవిడ వైపు జరిపారు.

“సాయంత్రములోగా మీ నివేదిక రావలెను. మరొక నేరస్థుడు తేలనిచో ఇతడే నేరస్థుడు.”

“ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడండి. ఇప్పుడు సస్పెన్షన్ అంటే పింఛను ఆగిపోద్ది. విచారణ తేలేసరికి మనిషే ఉండడు.”

“విధానమునకు జాలి లేదు” అన్నారాయన. అని, కిటికీలోంచి బయటికి చూశారు. కిటికీ బయట నిచ్చెన ఎక్కుతున్న సూపరింటెండెంటు ఒకాయన నమస్కారం పెట్టబోయి తమాయించుకున్నాడు.

*

గోదాములో నూకరాజు పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆరడుగుల మనిషి; భుజాలు తలుపుకి సరిపోతాయి. చేతిలో మెమో చూడగానే లేచి నిలబడ్డాడు.

“నిన్న ఆదివారం ఎక్కడున్నావు నూకరాజూ?”

“ఇక్కడేనండి.”

“నూకరాజూ.”

“తాళ్ళరేవులో మా తోడల్లుడిది గృహప్రవేశమండి. పిలిచాడండి. ఎల్లకపోతే మా ఆవిడ బతకనివ్వదండి. ఎంతసేపండి, అలా ఎల్లి ఇలా వచ్చేశాను.”

“ఎప్పుడెళ్ళావు?”

“పొద్దున్నేనండి.”

“ఎప్పుడొచ్చావు?”

“సందేళకండి. పనసపొట్టు కూర ఎట్టారండమ్మా. దాని తరవాత మనిషి నడవగలడేంటండి. వచ్చి బయట మంచం మీద ఒరిగాను. లోపలికెల్లి చూళ్ళేదండి, అబద్ధమెందుకు.”

“గోదాము తాళం?”

“మేకుకే తగిలించి ఎల్లానండి. దీపాన్ని చూసుకోడానికి ఎవరైనా పెద్దోళ్ళొత్తే ఇబ్బంది పడతారని.”

ఎస్తేరు రాణి నిట్టూర్చింది. ఇతన్ని కాపాడే సాక్ష్యం ఒకటే ఉంది: ఆ పూట డ్యూటీ ఎగ్గొట్టి తాళ్ళరేవులో పనసపొట్టు కూర తిన్నాడని. దాన్ని చెబితే మెమో ఒకటి కాదు, రెండవుతాయి.

“ఎవరో కుర్రోళ్ళు వైరు పీకేసుంటారండి” అన్నాడు నూకరాజు ఆశగా.

ఆవిడ అప్పటికే నేల మీద మోకాళ్ళేసి కూర్చుని టైరు వైపు చూస్తోంది. టైరు సుద్దగీతలో లేదు. జానెడు పక్కకి ఉంది.

“ఇలా రా. చూడు.”

నూకరాజు వంగి చూశాడు. “ఓరి నాయనో. కదిలిందండి.”

“కదలడం కాదు. ఊరేగింది.”

టైరు గాడుల్లో తెల్లటి ఇసక ఉంది. ముందు అద్దం అడుగున, నల్ల రబ్బరు అంచుకి సూదుల్లాంటి సరుగుడు ఆకులు పట్టుకుని ఉన్నాయి. ఇసకా, సరుగుడు తోటలూ రెండూ ఉన్న రోడ్డు ఈ చుట్టుపక్కల ఒక్కటే. సముద్రం వెంబడి ఉప్పాడ వెళ్ళే రోడ్డు. గేటు కర్ర ఎప్పుడూ ఎత్తే ఉంటుంది. అడిగేవాడు మేడ మీద తడి నేలకి కాపలా కాస్తున్నాడు. స్టీరింగు కింద రీసెట్ బొత్తాం మీద, మిగతా అంతటా ఉన్న దుమ్ము లేదు. ఎవరో నొక్కారు. నొక్కి, పుస్తకంలో చెప్పినట్టే కారుని నడిపారు. టైర్లు బాగున్నాయి కాబట్టి దీపం, చట్టానికి లోబడి, స్వయంగా విరమించుకుంది.

“నూకరాజూ, నువ్వొకసారి లోపల కూర్చో.”

“నా వల్ల కాదండమ్మా. జాకీలెట్టిన రోజు దూరానండి. అది కారు కాదండి, నీళ్ళ తొట్టి.”

“కూర్చో అంటున్నానా.”

అతను ఒక కాలు పెట్టాడు. రెండోది పెట్టలేకపోయాడు. మోకాలు స్టీరింగుకి తగిలింది. సీటు బాగా ముందుకి జరిపి ఉంది, స్టీరింగుని పొట్టకి ఆనించుకోవలసినంత ముందుకి.

“ఆ రోజు నేను ఎనక్కి జరిపానండి దీన్ని. ముందుకెవరు లాగారో మరి.”

ఎస్తేరు రాణికి చాలా కాలం తరవాత అరిచేతులు దురదపెట్టాయి. దొంగ గోడ దూకే ముందు పెట్టే దురద అది. నేరస్థుడు పొట్టివాడు. కారు నడపడం వచ్చినవాడు. ఆ బొత్తాం సంగతి తెలిసినవాడు. అంటే పుస్తకం చదివినవాడు.

ఈ సంస్థలో ఆఖరిదొక్కటే మనుషుల్ని బాగా తగ్గించేసే విషయం.

*

మధ్యాహ్నానికి డాక్టర్ సోమసుందరం పనులన్నీ మానుకుని దిగాడు. దీపం ఆరిన చోటు పొద్దుటి నుంచి ఖాళీగా ఉండడం ఆయనకి నచ్చలేదు.

“గుడిలో మూలవిరాట్టు కదలరాని పక్షమున ఉత్సవ విగ్రహము ఉండును గదా. అదే విధముగా, అసలు దీపము యొక్క స్థితి తేలువరకు ఒక ప్రతినిధి దీపమును వెలిగించవలెను.”

స్టోర్సులో వినాయక చవితి పందిరి తాలూకు సీరియల్ బల్బులు దొరికాయి. పసుపుది ఒకటి చూసి మీటరు మీద అంటించారు. మిగతావాటిని కత్తిరించే అధికారం ఎవరికీ లేకపోవడంతో తోరణం మొత్తం స్టీరింగు చుట్టూ చుట్టారు. వెలిగించగానే అది అలవాటు కొద్దీ మిణుకు మిణుకుమంది. సోమసుందరం పుస్తకం తెరిచి చూసి పాలిపోయాడు. దీపం మిణుకుతూ ఉంటే సెన్సరే చెడిపోయిందని అర్థం అట.

“హెచ్చరిక స్థాయి పెరిగినది. సంఘమును సమావేశపరచుడు” అన్నాడు.

ఆ సందట్లో ఎస్తేరు రాణి విశ్వపతి గారి దగ్గరికి వెళ్ళింది.

“సార్, నూకరాజు ఆ సీట్లో పట్టలేదండి. కాబట్టి ఎవరు పడతారో చూడాలి. అందర్నీ ఒక్కొక్కరిగా కూర్చోబెడతాను. మీరు అనుమతిస్తే.”

“అందరినీ?”

“మినహాయింపు లేదని మీ విధానంలోనే ఉంది కదండి.”

విశ్వపతి గారు కుర్చీలోంచి దిగారు. “నా సమక్షములో జరుగవలెను” అన్నారు.

*

గోదాము ముందు ఆఫీసంతా బారు తీరింది. అందరి మొహాల్లోనూ విచారణకి వచ్చిన గంభీరత ఉంది. దాని కింద ఇంకేదో కూడా ఉంది. నెల రోజులుగా అద్దంలోంచి చూసి పోయిన కారు అది. ఇవాళ లోపల కూర్చోమంటున్నారు. అదీ ఆఫీసు టైములో.

ఎస్తేరు రాణి పరీక్ష తేలికగా పెట్టింది. కారు ముక్కు గోడకి ఉంది. బయటికి తీసినవాడు ముందు రివర్సు గేరు వెయ్యాలి. ఎక్కి, సీటు సరిచేసుకుని, ఇంజను వెయ్యకుండా రివర్సు గేరు ఒక్కటి వేసి చూపించాలి. అంతే.

అంతే కాదు. నూకరాజు సీటు పూర్తిగా వెనక్కి జరిపించుకుని, మోకాళ్ళు చెవుల దగ్గర పెట్టుకుని, గేరు కర్రతో కుస్తీ పట్టాడు. ఎటు తోసినా పడలేదు. “దీనికి ఎనక్కెల్లడం రాదండమ్మా. ముందుకెల్లడమే నేర్పారు” అని దిగిపోయాడు.

“నటన” అన్నాడు సోమసుందరం.

లెక్కల అధికారి లలితాంబ గారు కొంగు బొడ్లో దోపుకుని ఎక్కారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆవిడ నవ్వగా ఎవరూ చూడలేదు. స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ చూసి, మెల్లిగా నోటితో “బురుం” అన్నారు. గేరు పడలేదు. దిగడానికి మనసు కూడా పడలేదు. “ఇంకోసారి ప్రయత్నిస్తానమ్మా, న్యాయం జరగాలి కదా” అని మళ్ళీ కూర్చున్నారు.

నిచ్చెన సూపరింటెండెంటు హారను కొట్టి, తన ధైర్యానికి తనే ఉలిక్కిపడ్డాడు. టైపిస్టు ఒకామె గేరు కర్ర సంగతి మరిచిపోయి అద్దంలో జడ సర్దుకుంది. కారు గురించి లావుపాటి నివేదిక రాసిన సోమసుందరం లోపలికి వెళ్ళాక తలుపు పిడి ఎక్కడుందో దొరక్క, బయటినుంచి తీయించుకుని వచ్చాడు. ఒక్కరికీ రివర్సు పడలేదు.

“ఈ పరీక్ష లోపభూయిష్టము” అన్నారు విశ్వపతి గారు. “వీరిలో ఎవరునూ క్రమపద్ధతిలో ఆసీనులు కాలేదు. బాధ్యత గల అధికారి వాహనమున ఎట్లు ఉండవలెనో మొదట చూడవలెను.”

“చూపించండి సార్” అంది ఎస్తేరు రాణి.

ఆయన ఎక్కారు. తలుపు వేసుకున్నారు. “మొదటిది, వెన్ను నిటారుగా ఉండవలెను” అంటూ సీటు ముందుకి జరుపుకున్నారు. సీటు కింద మీట కోసం వెతుక్కోలేదు. “రెండవది, దృష్టి సర్వదా హెచ్చరికల యందు ఉండవలెను” అంటూ స్టీరింగు మీది బల్బుల తోరణాన్ని ఎడమచేత్తో పక్కకి నెట్టారు. “మూడవది, సంస్థ ఆస్తి పట్ల ఎట్టి మమకారమునూ...” అంటూ గేరు కర్ర మీద చెయ్యి వేశారు. కాలింగు బెల్లు నొక్కినట్టు దాన్ని అరిచేత్తో కిందికి నొక్కి, నొక్కి ఉంచే ఎడమకి లాగి, ముందుకి తోశారు. చెయ్యి తనంతట తనే చేసింది. కళ్ళు అటు చూడనైనా లేదు.

కారు వెనకనుంచి తెల్లటి వెలుగు వచ్చి గోదాము తలుపు మీద పడింది. రివర్సు లైటు.

“పడిందండి” అన్నాడు నూకరాజు, సంతోషం ఆపుకోలేక.

తరవాత గాని అతనికీ అర్థం కాలేదు. బారులో ముందున్నవాళ్ళకి అర్థమై వెనకున్నవాళ్ళకి చెప్పేంతలో, అందరూ ఒకేసారి నేల చూశారు. లలితాంబ గారు కొంగు సర్దుకున్నారు.

“సారుది సహజ ప్రజ్ఞ” అన్నాడు సోమసుందరం.

“మీరంతా ఒక్క నిమిషం బయటికి వెళ్ళండి” అంది ఎస్తేరు రాణి. “నూకరాజూ, నువ్వుండు.”

అందరూ వెళ్ళారు. సోమసుందరం అందరికన్నా ముందు వెళ్ళాడు. ఆవిడ తలుపు దగ్గరికి వేసి, నూకరాజు మెమోని బానెట్టు మీద బంతిపువ్వు పక్కన పెట్టింది. విశ్వపతి గారు కారు దిగలేదు. చెయ్యి ఇంకా గేరు కర్ర మీదే ఉంది. చాలాసేపు ఆ మెమో మీది తన సంతకం వైపు చూశారు.

“సదరు ఆదివారము నాడు” అని మొదలుపెట్టారు, “దీపము యథాస్థితిలో నున్నదీ లేనిదీ స్వయముగా పరిశీలించు నిమిత్తము నేను ఈ గోదామునకు విచ్చేసి... విచ్చేసి...”

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“వచ్చానమ్మా. వచ్చి చూత్తే ఇతగాడు లేడు. తాళం మేకుకుంది. లోపల ఇదొక్కతే, దీపమెట్టుకుని కూచుంది. కోపమొచ్చింది ముందు. నూకరాజు మీద పెద్ద మెమో రాద్దామనుకున్నాను. మాటలు కూడా కుదుర్చుకున్నాను. అవి మర్చిపోకుండా ఉండాలని కాసేపు కూచుందామనుకున్నాను, కూచోడానికి ఇక్కడింకేముంది చెప్పు, ఇదే ఉంది. కూచున్నాను. మాది ముమ్మిడివరం అవతల లంక. చిన్నప్పుడు గోదారి దాటించే పంటు మీద కార్లొచ్చేవి, ఒడ్డున నించుని చూసేవోళ్ళం. కాలేజీలో ఉండగా డ్రైవింగు నేర్చుకున్నాను, ఎప్పటికైనా ఒకటి కొందామని. ఉద్యోగమొచ్చింది. ఆ రోజు నుంచి నన్ను ఎనకాల సీట్లో కూచోబెట్టారు. అధికారివి కదా, ముందు కూచోకూడదన్నారు. ఇన్నేళ్ళూ నేను చూసిందంతా డ్రైవర్ల పెడతలలేనమ్మా.

“బొత్తాం నొక్కాను. నొక్కడం ఒక్కటే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. పుత్తకంలో తరవాత ఏముందో నాకు కంఠతా వచ్చు కదా, కాలు అలా ఎల్లిపోయింది. ఎనక్కి తియ్యడానికి చాలాసేపు పట్టింది, గేరు ఎక్కడుందో తెలీక చెమట్లు పట్టేశాయి. ఒకసారి దొరికాక చెయ్యి మర్చిపోలేదు, చూశావుగా. గేటు కాడ ఎవరన్నా ఆపుతారనుకున్నాను. ఆపితే ఆగిపోదును. ఎవరూ లేరు. గేటోణ్ణి మేడ మీదికి పంపింది నేనే.

“ఉప్పాడ దాకా ఎల్లానమ్మా. టాపు తీసేశాను. కుడి చేతేపు సముద్రం, ఎడం చేతేపు సరుగుళ్ళు. వలలు ఎండేసుకునే ఆడోళ్ళు చెయ్యూపారు. నేనూ ఊపాను. నాకెవరూ నమస్కారం తప్ప చెయ్యూపింది లేదు ఎప్పుడూ. తిరిగొచ్చి ఎక్కడిదక్కడ పెట్టానే అనుకున్నాను. ఇంటికెల్లి రెండుసార్లు పప్పేసుకుని అన్నం తిన్నాను. పొద్దున్నే దీపం ఆరిందనగానే భయమేసింది. నూకరాజు మెమో మీద సంతకం పెట్టాను. దానికి నేనక్కర్లేదు, చెయ్యే పెట్టేత్తుంది, అలవాటు. ఇయ్యాల మాత్రం అది రెండు పనులు చేసింది. ఆ కాయితం చింపెయ్యండి. నూకరాజూ, నువ్వు చింపు, నీదే. రాణి గారూ, మీ నివేదికలో నా పేరు రాయండి, పూర్తిగా రాయండి, మినహాయింపు లేదు.

“కాకపోతే ఒక్క ఖాళీ మీరు పూరించలేరు. దీపం ఎక్కడ ఆరింది, ఎప్పుడు ఆరింది అని అడుగుతారు పైవాళ్ళు. నాకు తెలీదమ్మా. అప్పుడు నేను దాని వంక చూట్టంలేదు.”